పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగాం, వలస పక్షులు ఏవండీ? (కాకినాడ తీరం, తాళ్లరేవు పొలాలు)

తీరంవెంట
దసరా సెలవులు అయిపోయాక వచ్చిన ఆదివారం మా అబ్బాయిని తీసుకుని బయల్దేరాను. వాడికి తొమ్మిదేళ్లు. సైబీరియా నుంచి వచ్చే పక్షుల్ని చూపించమని ఏడాదిగా అడుగుతున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి రాజమండ్రిలో కారెక్కి, ఆరున్నర దాటాక కాకినాడకి దక్షిణాన బురద మేటల దగ్గరికి చేరాం. ఎదురుగా ఎంత దూరం చూసినా బురదే. చివర్లో నీళ్లు మెరుస్తున్నాయి, ఆ అంచునే ఏవో చుక్కలు కదులుతున్నాయి. బైనాక్యులర్ పెట్టినా ఏ పిట్టో తెలియలేదు. దగ్గరికి వెళ్దామని దిగాను, పది అడుగులు వేశానో లేదో మోకాలి దాకా కూరుకుపోయాను. నన్ను చూసి గుంపంతా ఒక్కసారిగా లేచి హోప్ ఐలాండ్ వైపు వెళ్లిపోయింది.

అక్కణ్ణించి తాళ్లరేవు వైపు పొలాల్లోకి వెళ్లాం. తెల్ల కొంగలు, గోరింకలు, వైర్ల మీద ఏట్రింతలు. ఇంటి దగ్గర రోజూ చూసేవే. మధ్యాహ్నం ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఆగాం. చెరువు మొత్తానికి సన్నటి నైలాన్ వల కప్పి ఉంది. అందులో ఒక పిట్ట చిక్కుకుని చచ్చిపోయి వేలాడుతోంది. పావురం కంటే చిన్నది, గోధుమరంగు వీపు నిండా పసుపు చుక్కలు. రెక్క ఒకటి తెరుచుకునే ఉండిపోయింది. మావాడు చాలాసేపు చూసి "నాన్నా, ఇదేనా సైబీరియా పక్షి?" అన్నాడు. నాకు తెలియదన్నాను.

రెండు ప్రశ్నలండి. మేం వెళ్లిన తీరులో తప్పుందా, లేక నిజంగానే పక్షులు తగ్గిపోయాయా? ఆ వల గురించి ఎవరితో మాట్లాడాలి?

కోరంగి_కుర్రోడు
మొదటిదానికి జవాబు నేను చెప్తా అన్నా. మీరు వెళ్లింది బహుళ పంచమి నాడు. ఆ రోజు పొద్దున్న ఏడింటికి నీళ్లు పూర్తిగా పాటులో (వెనక్కి తగ్గి) ఉంటాయి. పాటులో పిట్టలన్నీ నీటి అంచుకి పోతాయి, తిండి అక్కడే కదా. మీకు చుక్కలే కనిపిస్తాయి మరి. మధ్యాహ్నం ఒంటిగంటకి పోటు వచ్చింది, అప్పుడు మీరు పొలాల్లో ఉన్నారు.

ఉల్లంకి
కోరంగి తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సముద్రపు పిట్టల కోసం వెళ్తే గడియారం కంటే ముందు పంచాంగం చూడాలి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమికి నీళ్లు బాగా ఎక్కుతాయి, అష్టమి నవమికి మందంగా ఉంటాయి. పోటు పూర్తవడానికి రెండు గంటల ముందే వెళ్లి, గట్టున ఒకచోట కదలకుండా కూర్చోండి. నీళ్లు లోపలికి వచ్చేకొద్దీ బురద కుంచించుకుపోతుంది, పిట్టలు వాటంతట అవే మీ వైపు నడిచి వస్తాయి. మనం వెళ్తే ఎగిరిపోతాయి, నీళ్లు తోస్తే దగ్గరికొస్తాయి.

పొలంగట్టు
ఆ వలలో చచ్చిన పిట్ట ఫొటో ఉందా?

తీరంవెంట
తీయలేదండి. పిల్లాడి ముందు ఫోన్ తీయబుద్ధి కాలేదు.

మాస్టారు_సాలూరు
వీపు నిండా పసుపు చుక్కలు, పావురం కంటే చిన్నది, చెరువు గట్టు మీద. అది పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ అయి ఉండాలి. అలాగైతే మీ అబ్బాయి సరిగ్గానే అడిగాడు బాబూ. అది ఉత్తర సైబీరియా, అలాస్కాల్లో టండ్రా నేల మీద గుడ్లు పెట్టే పక్షే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దగ్గర ఏ పెద్ద కొంగ కనిపించినా "సైబీరియా పక్షి" అనేస్తారు. తేలినీలాపురంలో, నేలపట్టులో, ఉప్పలపాడులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వచ్చినవి కావు. అవి మన దేశపు పక్షులే. నీళ్లు, తిండి చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి వచ్చి ఇక్కడ పిల్లల్ని చేస్తాయి. అసలు వలస పక్షి శీతాకాలంలో ఇక్కడ గూడు కట్టదు, తిండి కోసమే వస్తుంది. నిజంగా సైబీరియా నుంచి వచ్చేవాటిలో చాలావరకు గుప్పెడంత ఉండే గోధుమరంగు పిట్టలు. లిటిల్ స్టింట్ అని ఒకటుంది, బరువు పాతిక గ్రాముల దగ్గర. ఆర్కిటిక్ నుంచి మన ఉప్పాడ దాకా వస్తుంది. రోడ్డు మీద వెళ్లేవాడు దానివైపు చూడను కూడా చూడడు.

గోదారి_పిల్ల
మాస్టారూ, తేలినీలాపురం మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర. ఊళ్లో అందరూ వాటిని సైబీరియా పక్షులనే అంటారు, బడి గోడ మీద కూడా అలాగే రాశారు. మీ మాట మా మావయ్యకి చెప్తే అస్సలు ఒప్పుకోడు.

మాస్టారు_సాలూరు
ఒప్పుకోకపోయినా పర్లేదమ్మా. ఏ పేరుతో పిలిచినా ఆ ఊరివాళ్లు వాటిని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. అది నేను కళ్లారా చూశాను.

వెన్నుపోసిన_వరి
పోస్టు రాసినాయన పొలాల్లో ఏం లేదన్నారు. ఉంది, ఎలా చూడాలో తెలియాలంతే. అక్టోబరులో సార్వా వరి కంకి మీద ఉంటుంది, గట్టున నిలబడితే లోపల ఏముందో కనపడదు. వరి మీదుగా తక్కువ ఎత్తులో, రెక్కలు పైకెత్తి ఒరిగి ఒరిగి తిరిగే గద్ద ఉంటుంది చూడండి, అది మార్ష్ హారియర్. సెప్టెంబరు నుంచే వస్తుంది. కాలవల పైన తెల్లగా, గుంపులుగా ఎగురుతూ నీటి మీదికి వంగి తిండి ఏరుకునేవి విస్కర్డ్ టెర్న్లు, అందరూ కొంగపిల్లలు అనుకుంటారు. చేలో నీళ్లు తీసేశాక గట్ల మీద తోక ఆడిస్తూ పరిగెత్తే పసుపు పిట్టలు ఎల్లో వాగ్‌టెయిల్స్. తుమ్మ చెట్టు కొమ్మ చివర కూర్చుని కర్ కర్ మంటూ గొంతు చించుకునేది బ్రౌన్ ష్రైక్. మా పెరట్లో దాని అరుపు వినపడిన రోజే నాకు చలికాలం మొదలైనట్టు.

తూనీగ
హారియర్ల పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, అవి రాత్రి చెట్టు మీద పడుకోవు, గడ్డి నేల మీదే గుంపుగా పడుకుంటాయి. ఒకప్పుడు బట్టమేక పిట్టకి పేరుపడ్డ రోళ్లపాడు గడ్డి మైదానాల్లో సాయంత్రం వేళ మాంటేగ్యూ, పాలిడ్ హారియర్లు ఒక్కొక్కటే దిగడం చూశాను. పగలంతా వాటి పని మిడతల్ని తినడం. రైతుకి అంతకంటే సాయం చేసే పక్షి ఇంకోటి లేదు.

వెన్నుపోసిన_వరి
పరికిపిట్టల్ని (రోజీ స్టార్లింగుల్ని) మర్చిపోయావు తూనీగా. జొన్న చేను మీద పడితే గింజ మిగల్చవు గానీ, అవీ మిడతల్ని తింటాయి. మా నాన్న ఒక చేత్తో డబ్బా కొట్టి తోలేవాడు, ఇంకో చేత్తో దండం పెట్టేవాడు.

వనామి_రైతు
ఆ వల సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే నాకూ ఆరు చెరువులున్నాయి, మాదీ తాళ్లరేవు పక్కనే. పిల్లాడి ముందు అలా జరిగినందుకు బాధగా ఉందండి. కానీ వల ఎందుకు వేస్తామో కూడా వినండి.

1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు టైగర్ రొయ్య మీద మా నాన్న మొత్తం పోగొట్టుకున్నాడు. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చాక మళ్లీ చెరువులు తవ్వాం, కానీ భయం పోలేదు. తెగులు తగిలిన రొయ్య నీటి పైకి తేలుతుంది. కాకో, కొంగో దాన్ని నోట కరుచుకుని పక్క చెరువు మీదుగా ఎగురుతూ జారవిడిస్తే ఆ చెరువూ పోయినట్టే. అందుకే చుట్టూ పీతల ఫెన్సింగు, పైన పక్షుల దారాలు. ఎగుమతి కంపెనీలవాళ్లు చూడటానికి వస్తే మొదట అడిగేది ఇవి ఉన్నాయా అనే. అప్పు తెచ్చి సీడ్ (రొయ్య పిల్లలు) వేసినవాడికి రాత్రి నిద్ర పట్టదండి.

పక్షిప్రాణం
మీ కష్టం అర్థమైంది, కానీ గోల్డెన్ ప్లోవర్ రొయ్యల కోసం చెరువులోకి దిగదు. గట్టు మీద పురుగులూ వానపాములూ ఏరుకుంటుంది. దాని ప్రాణం ఎందుకు పోవాలి? 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అటవీ శాఖకి ఫిర్యాదు చేయాల్సిందే.

వనామి_రైతు
నేను చంపమని అన్నానా? వల కట్టిన మనిషి కూడా పిట్టని చంపాలని కట్టలేదు.

పక్షిప్రాణం
కట్టాక రోజూ చూసుకోవాలి కదా. చిక్కిన పిట్టని విడిపించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పిట్ట ఎండలో గంటల తరబడి కొట్టుకుని ఉంటుంది. అది తలుచుకుంటేనే నాకు కోపం ఆగట్లేదు.

ఉల్లంకి
ఇద్దరూ కాసేపు ఆగండి. చెరువు మీద వేసేవి రెండు రకాలు. ఒకటి సన్నటి వల, చేపల వలలాంటిది. అది పిట్టకి కనపడదు, ముఖ్యంగా తెల్లవారుజామున. రెండోది అడుగో రెండడుగులో దూరంతో వరసగా లాగి కట్టిన మందపాటి దారాలు, వాటికి మెరిసే రిబ్బన్లు. ఇది కనపడుతుంది, పిట్ట తప్పించుకుంటుంది, కొంగ మాత్రం దిగలేదు. ప్రాణాలు తీస్తున్నది మొదటిదే. మన గొడవ దానితోనే గానీ రైతుతో కాదు.

వనామి_రైతు
నా నాలుగు చెరువుల మీద దారాలే. రెండింటి మీద మాత్రం పాత వల ఉంది, నిరుడు ఎవరో చవగ్గా ఇస్తే వేశాను.

నాగావళి
వలల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒక సంగతి. నాగాలాండ్‌లో దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర ఆముర్ ఫాల్కన్ అనే చిన్న డేగలు అక్టోబరులో లక్షల్లో ఆగుతాయి. 2012లో అక్కడ వలలు కట్టి వేల కొద్దీ చంపుతున్న ఫొటోలు బయటికొచ్చాయి. 2013లో అదే ఊళ్లవాళ్లు ఒట్టు పెట్టుకుని వలలు తీసేశారు, ఆ సీజనులో ఒక్క పిట్టనీ చంపలేదు. ఊళ్లోకి వెళ్లి, చర్చిలో కూర్చుని మాట్లాడితేనే అది జరిగింది. ఆ ఏడాది నవంబరులో మూడు పిట్టలకి ఉపగ్రహ ట్యాగులు కట్టి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. అవి మన ద్వీపకల్పం దాటి, అరేబియా సముద్రం ఎక్కడా ఆగకుండా దాటి ఆఫ్రికా చేరాయి.

తూనీగ
అదే దారిలో, అదే రోజుల్లో తూనీగలూ వెళ్తాయి! వాన వెలిశాక మన పొలాల మీద గుంపులుగా తిరిగే ఆ పసుపు తూనీగలు సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా వెళ్తాయని, డేగలు దారిలో వాటిని తింటూ పోతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త రాశారు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు మరి 🙂

గోదారి_పిల్ల
దారం కట్టి ఆడుకున్న తూనీగలా అవి?! చిన్నప్పుడు ఎన్ని పట్టానో.

కేప్‌మే_తెలుగు
నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ కేప్ మే అని భూమి సముద్రంలోకి కొనలా దిగే చోటుంది. శరదృతువులో గాలి వాయవ్యం నుంచి వీస్తే డేగలన్నీ ఆ కొన దగ్గరికి చేరతాయి. 1976 నుంచి ఏటా ఒకే చోట నిలబడి లెక్క రాస్తున్నారు. నా మొదటి ఏడాది నేనూ మీలాగే తప్పు రోజున వెళ్లి ఉత్త చేతులతో వచ్చాను. అక్కడ గాలి, కాకినాడలో పోటు. తీరంవెంట గారూ, మీరు ఒకే చోటుని ఎంచుకుని నెలకి రెండుసార్లు వెళ్లండి. మీ అబ్బాయి చేత ఒక నోటుబుక్కులో లెక్క రాయించండి. పదేళ్లకి ఆ పుస్తకం విలువ మీకే తెలుస్తుంది.

తీరంవెంట
అందరికీ చాలా థాంక్సండి. మాస్టారు చెప్పింది మావాడికి చదివి వినిపించాను. "పాతిక గ్రాములంటే ఎంత?" అన్నాడు. వంటింట్లో త్రాసు మీద నిమ్మకాయ పెట్టి చూశాం, దానికంటే తక్కువే. తర్వాత వాడు అడిగింది: పిట్టపిల్లలకి దారి ఎవరు చూపిస్తారు, వాటి అమ్మానాన్నలా?

ఉల్లంకి
బాబుకి చెప్పండి, అమ్మానాన్నలు చూపించరని. స్టింట్లు, స్యాండ్‌పైపర్ల లాంటి తీరపు పిట్టల్లో చాలావరకు పెద్దవి ముందే బయల్దేరి జూలై ఆఖరు, ఆగస్టుకే మన తీరం చేరిపోతాయి. అప్పుడు వెళ్తే కర్ల్యూ స్యాండ్‌పైపర్లు ఇంకా ఇటుక రంగు దిగకుండా కనిపిస్తాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఆ తర్వాత, సొంతంగా, ఎప్పుడూ చూడని దారిలో వస్తాయి. 2022లో ఐదు నెలల వయసున్న బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే తీరపు పిట్ట పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మానియా దాకా 11 రోజులు, 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది. ట్యాగు ఉంది కాబట్టి తెలిసింది.

పొలంగట్టు
ఐదు నెలల పిల్ల! మా వాడికి పదిహేనేళ్లు, బస్టాండుకి నేనే దింపాలి.

కోరంగి_కుర్రోడు
అన్నా, దీపావళి అమావాస్యకి నీళ్లు బాగా ఎక్కుతాయి. మర్నాడు పాడ్యమి, పొద్దున్న తొమ్మిదిన్నర, పావు తక్కువ పదికి పోటు నిండుతుందని మా బాబాయ్ చెప్పాడు, ఆయన రోజూ వేటకెళ్తాడు. ఏడింటికి రండి, నేనూ వస్తా. చెప్పులు వదిలేసి రండి, బురదలో పోతాయి. తెల్ల చొక్కా వద్దు. డ్రోన్ మాత్రం ఎవరూ తేవద్దు. పోయిన నెల ఎవరో ఎగరేస్తే రెండు గంటలు పిట్ట దిగలేదు.

పక్షిప్రాణం
నేనూ రావచ్చా?

కోరంగి_కుర్రోడు
రండి అక్కా.

తీరంవెంట
వెళ్లొచ్చాం. ఇప్పుడే ఇంటికి చేరాను, నిద్ర వస్తున్నా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఏడింటికి గట్టున కూర్చున్నాం. మొదటి అరగంట ఏమీ లేదు. తర్వాత నీళ్లు చిన్న చిన్న పాయల్లోంచి లోపలికి పాకడం మొదలైంది. ఎనిమిదికల్లా మా ముందు బురద సగమైంది. ఎనిమిదిన్నరకి పిట్టలు నిజంగానే నడుచుకుంటూ వచ్చాయి. ఉల్లంకి గారూ, మీరన్నట్టే. ముందు స్యాండ్ ప్లోవర్లు, పరుగు, ఆగు, పొడుపు, మళ్లీ పరుగు. వాటి వెనక కర్ల్యూలు, ఆ వంకర ముక్కు పూర్తిగా బురదలో దించి పీతని లాగి, కడుక్కుని మింగాయి. ఎక్కడి నుంచో వింబ్రెల్ ఆరేడుసార్లు ఈల వేసింది, మావాడు వెంటనే తిరిగి ఈల వేశాడు.

వాడికి అన్నింటికంటే నచ్చింది టెరెక్ స్యాండ్‌పైపర్. నారింజ కాళ్లు, ముక్కు పైకి వంగి ఉంటుంది. పీత వెంట తల వంచుకుని, తాగినవాడిలా అడ్డదిడ్డంగా పరిగెత్తింది. పీత బొరియలోకి దూరేలోపు పట్టేసింది. మాకు ఇరవై అడుగుల దూరంలో! గుంపులో గ్రేట్ నాట్ ఒక్కటి ఉందని కోరంగి తమ్ముడు చూపించాడు. అంతరించే ప్రమాదంలో ఉన్న పిట్ట అట కదా, మా అందరి గొంతూ తగ్గిపోయింది.

మావాడి లెక్క: కర్ల్యూ 14, వింబ్రెల్ 3, టెరెక్ 9, గ్రేట్ నాట్ 1, "చిన్నవి చాలా".

ఉల్లంకి
"చిన్నవి చాలా" అని రాసినవాడు మంచి లెక్కగాడు అవుతాడు. తెలియనిదానికి పేరు పెట్టలేదు. లెస్సర్ స్యాండ్ ప్లోవర్ని ఇప్పుడు సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు, చలికాలం ఈకల్లో వాటిని విడిగా చెప్పడం పెద్దవాళ్లకే కష్టం.

పక్షిప్రాణం
నేను మొన్న కోపంగా రాశాను. మాట మార్చుకోవట్లేదు, ఆ పిట్ట చావకూడదు. కానీ తిరిగొచ్చేటప్పుడు వనామి రైతు గారి చెరువుల దగ్గర ఆగాను. ఆయన టీ ఇచ్చి, గట్టు మొత్తం తిప్పి చూపించారు. వల ఉన్న రెండు చెరువుల్లో ఒకదాని మీద వల తీసేసి దారాలు కడుతున్నారు. ముడి వేయడం నాకూ నేర్పారు, వేళ్లు కోసుకుపోయాయి.

వనామి_రైతు
రెండోది ఈ పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక తీస్తానండి, మధ్యలో తీస్తే కొంగలు ఆగవు. అప్పటిదాకా పొద్దున్న సాయంత్రం మా కుర్రాడు వల చూసి వస్తాడు, చెప్పాను. పక్క చెరువులాయనతోనూ మాట్లాడాను. ఆయన ఇంకా ఊ అనలేదు.

తీరంవెంట గారూ, పట్టుబడి వచ్చే గురువారం. నీళ్లు తీసేశాక రెండు మూడు రోజులు చెరువు అడుగున బురద ఉంటుంది. అప్పుడు మీరు చెప్పే ఆ చిన్న పిట్టలు వందల్లో దిగుతాయి, ఇన్నేళ్లూ నేను వాటిని పట్టించుకోలేదు. సముద్రం పోటులో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ వస్తాయి. ఆదివారం బాబుని తీసుకురండి. మా షెడ్డులో కూర్చుని చూడొచ్చు, బురదలో దిగక్కర్లేదు.

తీరంవెంట
వస్తున్నామండి. మావాడు ఇప్పుడే నోటుబుక్కులో కొత్త పేజీకి గీత కొట్టాడు. కోరంగి తమ్ముడూ, ఆదివారం పోటు ఎన్నింటికి?

కోరంగి_కుర్రోడు
బాబాయ్ వేట నుంచి రాలేదు, రాత్రికి అడిగి చెప్తా.